బ్రేకు డిస్కును పట్టుకున్న రెండు చిన్న స్క్రూలు

హోండా అకార్డ్, సివిక్ వంటి కార్లకు ముందు చక్రాల బ్రేకు డిస్కులను ఇంటి దగ్గరే మార్చుకోవడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమయ్యే పని. డిస్కును రెండు వైపులా నొక్కే కాలిపర్ బోల్టులు రెండు, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టులు రెండు విప్పితే, డిస్కుకు రాసుకొని బండిని ఆపే ప్యాడ్లు చేతికి వస్తాయి. ఆ వెంటనే డిస్కు కూడా జారి రావాలి. పని ఆగిపోయేది సరిగ్గా అక్కడే. డిస్కు మధ్యభాగంలో, చక్రం నట్లు ఎక్కే వీల్ స్టడ్ల నడుమ, డిస్కును హబ్‌కు, అంటే చక్రమూ డిస్కూ బిగిసే మధ్య భాగానికి, పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. తలలో ప్లస్ గుర్తులాంటి గాడి ఉండి, మన దగ్గర స్టార్ స్క్రూ అని పిలుచుకొనే రకమే అవి. వాటి తలలోని గాడి చెడిపోయిందంటే గంటలో ముగియవలసిన పని ఒక పూటను మింగేస్తుంది. నేను ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటున్నాను. నా కారుతో పాటు చుట్టుపక్కల తెలుగు కుటుంబాల కార్లకు కూడా ఈ పనిలో చేయి వేస్తుంటాను కనుక, ఆ స్క్రూల గురించి నాకు తెలిసినది ఒకచోట వివరంగా రాసి పెట్టాలనిపించింది.

ముందుగా ఆ స్క్రూలు అక్కడ ఎందుకున్నాయో తెలియాలి. అది తెలిస్తే సగం భయం పోతుంది. బ్రేకు వేసినప్పుడు డిస్కు మీద పడే బలాన్ని అవి మోయవు. అకార్డ్ చక్రానికి ఐదు నట్లు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని 108 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలాన్ని కొలిచే ప్రమాణం ఇది) బిగించాలి. ఆ బిగింపుతో ఒక్కో 12 మిల్లీమీటర్ల స్టడ్ నాలుగు టన్నులకు పైగా బలంతో చక్రాన్నీ డిస్కునూ కలిపి హబ్‌కు అదిమి పట్టి ఉంచుతుందని స్థూలమైన లెక్క చెబుతుంది. ఐదూ కలిస్తే ఇరవై టన్నులు దాటుతుంది. ఆ బలం ముందు 9.8 న్యూటన్ మీటర్లకు బిగించే 6 మిల్లీమీటర్ల స్క్రూ పట్టు లెక్కలోకి రాదు. ఆ స్క్రూకు అసలైన అవసరం కర్మాగారంలో ఉంటుంది. మా ఊరికి కొద్ది దూరంలోనే ఉన్న మెరీస్‌విల్‌లో 1982లో అకార్డ్ తయారీ మొదలైంది. అటువంటి కర్మాగారాల్లో డిస్కును హబ్ మీద పెట్టిన తరువాత, చక్రం బిగించే చోటికి బండి చేరేదాకా, ఆ డిస్కు కదలకుండా, వాలిపోకుండా ఉండాలి. ఆ పని చేసేది ఈ స్క్రూలే. చక్రం తీసిన ప్రతిసారీ మనకూ అవి అదే సేవ చేస్తాయి.

ఇంత చిన్న స్క్రూ అంత మొండికేయడానికి ఇక్కడ మొదటి కారణం ఉప్పు. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఒహాయోలో ఉప్పును విరివిగా చల్లుతారు. క్లీవ్‌ల్యాండ్ వద్ద ఈరీ సరస్సు అడుగున ఏకంగా ఉప్పు గనే ఉంది. ఆ ఉప్పునీరు చక్రాల సందుల్లోకి చేరి, బ్రేకుల వేడికి ఆరి, మళ్ళీ తడిసి, ఏళ్ల తరబడి తుప్పును పెంచుతుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే కార్లకు కూడా ఇదే జబ్బు నెమ్మదిగా పట్టుకుంటుంది. రెండో కారణం స్క్రూ ఆకారంలోనే ఉంది. దాని తల అడుగున గరాటులా ఏటవాలుగా ఉండి, డిస్కులో అదే ఆకారంలో తొలిచిన గుంటలో పూర్తిగా దిగి కూర్చుంటుంది. ఆ ఏటవాలు ముఖం స్క్రూ కాండం మీది మరల కంటే వెడల్పైనది, స్క్రూ నడిమధ్యకు దూరమైనది; అందువల్ల అక్కడ తుప్పు పట్టినప్పుడు స్క్రూను తిప్పడానికి కావలసిన బలం బాగా పెరిగిపోతుంది. పట్టు ఎక్కువగా ఉన్నది తలలోనే కాని లోపలి మరల్లో కాదన్న ఈ సంగతి గుర్తుంచుకోండి; స్క్రూ చెడిపోయినప్పుడు ఇదే మనను కాపాడుతుంది.

స్క్రూ తల చెడిపోయిన కార్లలో చాలావాటికి కారణం ఒకటే కనిపించింది. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ 2వ నంబరుది. ఈ స్క్రూలకు కావలసింది 3వ నంబరు. 2వ నంబరు మొన కూడా ఆ గాడిలోకి దిగుతుంది, పట్టు దొరికినట్టే అనిపిస్తుంది, కానీ గాడి గోడలకు పూర్తిగా ఆనదు. బలంగా తిప్పగానే మొన పైకి ఎక్కి జారుతుంది, జారిన ప్రతిసారీ గాడి అంచును కొంత చెక్కుకొని పోతుంది. సరైన బిట్‌ను, అంటే స్క్రూడ్రైవర్ మొనను, గాడిలో పెట్టి వదిలిపెడితే అది ఊగకుండా నిటారుగా నిలబడుతుంది. ఆ పరీక్ష చేయకుండా ఒక్కసారి కూడా తిప్పవద్దని నేను అందరినీ బతిమాలుతాను. బ్యాటరీతో తిరిగే డ్రిల్లుతో ప్రయత్నించడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే మొన జారిన సంగతి మనకు తెలిసేలోపే గాడి గుండ్రమైపోతుంది.

ఈ పనికి పుట్టిన పనిముట్టు సుత్తితో కొట్టి వాడే ఇంపాక్ట్ డ్రైవర్. పిడికిలిలో ఇమిడే బరువైన ఇనుప స్థూపంలా ఉంటుంది, చివర బిట్ అమరుతుంది. వెనుక నుంచి సుత్తితో కొట్టినప్పుడు లోపలున్న ఏటవాలు గాడి ఆ దెబ్బను కొద్దిపాటి తిప్పుగా మారుస్తుంది. అదే క్షణంలో దెబ్బ బలం బిట్‌ను స్క్రూలోకి గట్టిగా అదుముతుంది కనుక మొన పైకి జారే అవకాశం చాలా తక్కువ. తిప్పడం, అదమడం రెండూ ఒకేసారి జరగడంలోనే దాని గొప్పతనమంతా ఉంది. పనిముట్ల దుకాణాల్లో ఇది చవకగానే దొరుకుతుంది, తరతరాలు ఉంటుంది.

ఇక పని వరుస. బండిని జాకీ మీద మాత్రమే నిలబెట్టి చేయి పెట్టవద్దు; తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలిపి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం తీశాక కాలిపర్ విప్పకముందే ఈ స్క్రూల పని పట్టడం మేలు. డ్రైవర్ సీటుకూ బ్రేకు పెడల్‌కూ మధ్య ఒక కర్రను బిగించి పెడితే ప్యాడ్లు డిస్కును కదలకుండా పట్టుకుంటాయి. స్క్రూ గాడిలో గడ్డకట్టిన మట్టిని, తుప్పును సూదిమొన ఉన్న పనిముట్టుతో అడుగుదాకా గీకి తీయాలి, లేకపోతే బిట్ పూర్తిగా దిగదు. తరువాత తుప్పు వదిలించే ఆయిల్‌ను డిస్కు రాపిడి ముఖం మీద పడకుండా స్క్రూ తల చుట్టూ ఒకటి రెండు చుక్కలు వేసి కాసేపు వదిలేయాలి. ఆ ఆయిల్ ఏటవాలు సందులోకి దిగేది కొంచెమే కనుక దాని మీదే ఆశలు పెట్టుకోకూడదు. అసలు తుప్పును పగలగొట్టేది దెబ్బ. బిట్‌ను స్క్రూలో నిటారుగా పెట్టి, డ్రైవర్ విప్పే దిశలో ఉందని రెండుసార్లు చూసుకొని, ఎడమ చేత్తో దాన్ని విప్పే వైపుకు గట్టిగా మెలితిప్పి పట్టుకొని, కుడి చేత్తో కిలో బరువుకు తగ్గని సుత్తితో సూటిగా కొట్టాలి. మెలితిప్పి పట్టుకోవడం చాలామంది మరచిపోతారు. లోపలి వదులు ముందే పోకపోతే దెబ్బలో సగం బలం ఆ వదులును తీయడానికే ఖర్చవుతుంది. బెరుకుగా కొట్టే పది దెబ్బల కంటే నిబ్బరంగా కొట్టిన ఒక్క దెబ్బ స్క్రూకూ హబ్ బేరింగ్‌కూ మంచిది. స్క్రూ కదిలినప్పుడు ఏదో తెగినట్టు చేతికి తెలుస్తుంది, గాడి చుట్టూ సన్నటి ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. అక్కడి నుంచి మామూలు స్క్రూడ్రైవర్‌తో తీయవచ్చు.

మంట పెట్టి వేడి చేయమని కొందరు సలహా ఇస్తారు. దాన్ని నేను ఒప్పుకోను. పక్కనే బేరింగ్ గ్రీజు, దాని రబ్బరు సీలు, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్ తీగ ఉన్నాయి. కొద్ది డాలర్ల స్క్రూ కోసం వాటిని పణంగా పెట్టనక్కర్లేదు.

గాడి అప్పటికే గుండ్రమైపోయిన కారు మీ దగ్గరకు వచ్చిందనుకోండి, కంగారు పడవలసినది ఏమీ లేదు. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకొని డ్రిల్లు చేతికి తీసుకోండి. చెడిపోయిన గాడే మధ్యను చూపిస్తుంది కనుక ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో తలలో దారి చేసి, ఆ తరువాత 6 కంటే కొద్దిగా పెద్ద బిట్‌తో తల మందం మేరకే తొలచాలి. వేగం తక్కువగా, ఒత్తిడి ఎక్కువగా ఉండాలి. వేగం పెరిగితే బిట్ కాలి మొద్దుబారుతుంది. తల ఊడి బిట్‌కు ఉంగరంలా చుట్టుకొని రావడం ఆ పనిలో ఎదురుచూడవలసిన క్షణం. తల పోగానే డిస్కు బయటికి వస్తుంది, హబ్ మీద స్క్రూ కాండం కొద్దిగా పొడుచుకొని మిగులుతుంది. పట్టంతా తలలోనే ఉందని పైన చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. ఆ కాండాన్ని బిగించి పట్టే ప్లయర్స్‌తో పట్టి తిప్పితే చాలాసార్లు తేలికగానే వచ్చేస్తుంది. ఒకవేళ హబ్‌లోనే విరిగిపోతే, ముఖం మట్టానికి ఆకురాయితో అరగదీసి అలాగే వదిలేయవచ్చు. హబ్‌ను తొలిచి పాడుచేసుకోవడం కంటే అదే క్షేమం.

స్క్రూలు పోయినా డిస్కు తుప్పుతో హబ్‌కు అతుక్కొని ఉండవచ్చు. వెనుక నుంచి పెద్ద సుత్తితో బాదడానికి ముందు డిస్కు ముఖాన్ని ఒకసారి పరిశీలించండి. హోండా డిస్కుల్లో మరలు తొలిచిన రెండు ఖాళీ రంధ్రాలు అందుకే ఉంటాయి. మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు ఉండే 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండింటిని వాటిలో ఎక్కించి, ఒకదాని తరువాత ఒకటిగా, పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే డిస్కు తనంతట తానే హబ్ నుంచి విడిపోతుంది. స్క్రూల కోసం అంత అవస్థపడిన వారు కూడా ఈ రంధ్రాలను గమనించకపోవడం నేను తరచుగా చూస్తున్నాను.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో స్క్రూ కంటే ముఖ్యమైన ఘట్టం ఇప్పుడే వస్తుంది. పాత డిస్కు తీసిన తరువాత హబ్ ముఖం మీద పెచ్చులుగా లేచిన తుప్పు కనిపిస్తుంది. దాని మీదే కొత్త డిస్కు పెట్టి బిగిస్తే, కాగితమంత పెచ్చు కూడా డిస్కును ఒక పక్కకు వంచుతుంది. డిస్కు తిరిగేటప్పుడు పక్కకు ఊగడానికి చాలా హోండా కార్లలో అనుమతించే హద్దు 0.10 మిల్లీమీటరు మాత్రమే. ఆ హద్దు దాటిన డిస్కు ప్రతి చుట్టులోనూ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకొని, కొన్ని వేల మైళ్లలో అక్కడ పలచబడుతుంది. అప్పుడు బ్రేకు వేస్తే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వేడికి వంకరపోయిందని అందరూ అనుకుంటారు, మళ్ళీ కొత్త డిస్కులు కొంటారు, తుప్పు మాత్రం హబ్ మీద అలాగే ఉంటుంది. అందుచేత వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో హబ్ ముఖాన్నీ, స్టడ్ల మొదళ్లనూ, స్క్రూ రంధ్రాల చుట్టూ ఉన్న అంచులనూ లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. వేలితో తడిమి చూస్తే ఎక్కడా గరుకు తగలకూడదు.

“ఈ స్క్రూలు మళ్ళీ పెట్టకపోతే ఏమవుతుంది అన్నా?” అని ఒక గుంటూరు తమ్ముడు అడిగాడు. బ్రేకులకు ఏమీ కాదు; ఈ స్క్రూలు లేకుండా తిరిగే హోండాలు ఈ రాష్ట్రంలో లెక్కలేనన్ని ఉన్నాయి, చాలా కంపెనీల కార్లకు అసలు ఆ స్క్రూలే ఉండవు. అయినా నేను పెట్టే తీరుతాను. కారణం పైన చెప్పిన తుప్పే. స్క్రూ లేని డిస్కు చక్రం తీసిన ప్రతిసారీ హబ్ నుంచి కొద్దిగా వాలుతుంది, ఆ సందులోకి రాలిన పెచ్చు చక్రం బిగించాక అక్కడే చిక్కుకుంటుంది. టైర్లు మార్చే దుకాణంలో ఆ సందులోకి ఎవరూ తొంగి చూడరు. ఇక ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ వంటి కార్లలో స్టడ్లు ఉండవు, చక్రాన్ని ఎత్తి పట్టుకొని బోల్టులు లోపలికి ఎక్కించాలి. అక్కడ స్క్రూ లేకపోతే డిస్కు తిరిగిపోయి రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవవు, బరువైన చక్రం చేతుల్లో ఉండగా అది పెద్ద యాతన. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో ఉండేది ఒక్కటే స్క్రూ, ఆరు కోణాల టీ30 బిట్‌తో విప్పేది. సరైన బిట్ గాడిలో అడుగుదాకా దిగితే అది స్టార్ గాడి కంటే గట్టిగా నిలుస్తుంది.

బిగించేటప్పుడు పాత స్క్రూలను మళ్ళీ వాడను. కొత్తవి డీలరు దగ్గర కొద్ది డాలర్లకే దొరుకుతాయి. ఆరు పలకల గుంట ఉన్న అలెన్ తల స్క్రూలతో మార్చుకుంటే తేలికని కొందరు అంటారు కాని, ఆ కొలత ఏటవాలు తలకు పట్టేది 4 మిల్లీమీటర్ల అలెన్ కీయే, తుప్పు పడితే అదీ జారిపోతుంది. మరల మీదా, ముఖ్యంగా తల అడుగున ఏటవాలు ముఖం మీదా తుప్పుతో అతుక్కుపోకుండా కాపాడే యాంటీ సీజ్ లేపనాన్ని పలచగా రాయాలి. ఎక్కువైతే వేడికి కరిగి డిస్కు మీదికి పాకుతుంది. 9.8 న్యూటన్ మీటర్లు అంటే స్క్రూడ్రైవర్‌ను మణికట్టు బలంతో గట్టిగా బిగించినంత, అంతకు మించి అక్కర్లేదు. ఇంపాక్ట్ డ్రైవర్‌ను బిగించడానికి వాడితే వచ్చేసారి విప్పేవారికి నరకం చూపించినట్టే. అంతా అమర్చి చక్రాలు బిగించాక, బండిని కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొన్నిసార్లు నొక్కడం మరవకూడదు. ప్యాడ్లు డిస్కుకు చేరకముందు మొదటి నొక్కుకు బ్రేకు పడదు.

ఆ తరువాత ఏటా శరదృతువులో, రోడ్ల మీద ఉప్పు పడకముందు టైర్లు ముందువి వెనుకకు మార్చేటప్పుడు, ఆ స్క్రూలను ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చేసి మళ్ళీ బిగిస్తాను. 3వ నంబరు స్క్రూడ్రైవర్ ఉంటే నిమిషం పని. అలా చూసుకున్న కార్లలో డిస్కులు మార్చవలసి వచ్చినప్పుడు ఇంపాక్ట్ డ్రైవర్‌ను పెట్టెలోంచి తీసే అవసరమే రాలేదు.