సైటుకు వచ్చిన పోలీసులు

తమిళనాడులో బీహార్ కూలీలను వెతికి వెతికి చంపుతున్నారని 2023 మార్చిలో కొన్ని వీడియోలతో పుకారు లేచింది. అప్పట్లో నేను చెన్నై పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్)లో ఒక అపార్ట్‌మెంట్ సైటులో సూపర్‌వైజర్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా. సెంట్రింగ్ పని చేసే బీహారీ కుర్రాళ్లు పని ఆపేసి ఒకే ఫోన్ చుట్టూ మూగారు. ఏటా హోలీకి కొందరు ఎలాగూ ఊరెళ్తారు. ఈసారి మాత్రం అందరూ ఉన్నదంతా మూటగట్టేశారు. "మీరూ బయటివాళ్లే కదా సార్, మీకు భయం లేదా?" అని ఒకడు అడిగాడు. ఊళ్లో వాళ్లమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోందట.

ఆ వారం తమిళనాడు ప్రభుత్వం కదిలిన తీరు మీద నాకు ఇప్పటికీ గౌరవముంది. ఆ వీడియోలు అబద్ధమని అప్పటి డీజీపీ శైలేంద్రబాబు వెంటనే ప్రకటించారు. ఒకటి బీహార్ కూలీలు తమలో తాము కొట్టుకున్నది, ఇంకొకటి స్థానికుల గొడవ. అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ అప్పటి బీహార్ ముఖ్యమంత్రి నితీశ్ కుమార్‌తో ఫోన్‌లో మాట్లాడారు. బీహార్ అధికారుల బృందం వచ్చి కూలీలను కలిసింది. పుకార్లు పుట్టించినవాళ్ల మీద కేసులు పడ్డాయి. హిందీ హెల్ప్‌లైన్లు పెట్టారు. మా సైటుకూ ఒక ఎస్సై వచ్చారు. హిందీ తెలిసిన కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని, ఇనుప చువ్వల కట్టల మీదే కూర్చుని, ఒక్కొక్కరి ఫోన్లో తన నంబరు తానే ఎక్కించారు. ఆ రాత్రికి సగం మూటలు విప్పేశారు. టీవీలో ఎంత చెప్పినా అది జరిగేది కాదు.

తర్వాత చట్టమూ గట్టిపడింది. 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103(2) ప్రకారం, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది గుంపుగా చేరి కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో మనిషిని చంపితే ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. ఉండాల్సిందే. కానీ అది ప్రాణం పోయాక పనికొచ్చే సెక్షన్. మా కుర్రాళ్లకు రోజూ తగిలేవి వేరు: "వడక్కన్" (ఉత్తరాదివాడా) అన్న ఎగతాళి పిలుపు, గది అద్దెకివ్వం అనే మాట, అదే పనికి కూలిలో కోత. మన శ్రీకాకుళం, విజయనగరం మేస్త్రీలు కూడా వాళ్లను అలా పిలుస్తుంటే నాకు మరీ బాధ. పొట్ట చేతబట్టుకుని వచ్చింది మనమూ కాదా?

పుకార్లు లేని రోజుల్లోనూ ఆ హెల్ప్‌లైన్ ఎత్తే మనిషి ఉండాలి. కూలి కోస్తే ఎవరికి చెప్పాలో, తిడితే ఎవరికి చెప్పాలో హిందీ, ఒడియా, బెంగాలీ, తెలుగుల్లో ప్రతి లేబర్ క్యాంపు గేటు దగ్గరా రాసి ఉండాలి. సేఫ్టీ బోర్డు పక్కన చోటిస్తామని మా కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. ఇక ఆ నంబర్లు ఇచ్చి, ఫోన్ ఎత్తాల్సింది కార్మిక శాఖే.