ట్రాన్సమ్ గట్టిపడింది, మూల మాత్రం కారుతూనే ఉంది

మళ్లీ కారింది. పడవ ట్రాన్సమ్‌కు, అంటే మోటారు తగిలించే వెనక గోడకు, కొత్త చెక్క, కొత్త బోల్టులు, సందులు మూసే కొత్త సీలెంటు, అన్నీ అయ్యాక కూడా కుడివైపు కింది మూల నుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. మే నెలలో వాలై చేపల సీజను మొదలయ్యే నాటికి మిన్నెసోటా సరస్సుల్లో తిరగాల్సిన పడవ గరాజ్‌లో ట్రైలర్ మీదే కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది.

పడవ పద్నాలుగు అడుగులది. 1970ల నాటి రివెట్ల అల్యూమినియం, 15 అంగుళాల ట్రాన్సమ్, 15 హార్స్‌పవర్ టూస్ట్రోక్ మోటారు. పాత చెక్క కుడి మూలలో నానిన అటుకుల్లా పిడికిట్లోకి వచ్చేసింది. దాని స్థానంలో ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్ (పడవల కోసం చేసేది, ఫర్ చెట్టు కలపది) రెండు పొరలు వేసి వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీ జిగురుతో అంటించాను, అంచులకు మూడు పూతలు పూశాను. మోటారు బిగిస్తే చెక్క ఇసుమంత కూడా వంగడం లేదు. ఆ పని అయిపోయింది.

చెక్క కొనేటప్పుడు మాత్రం ఒక విషయంలో పట్టుబట్టాలి. దుకాణంలో ‘తడికి చెడదు’ అంటూ ప్రెషర్ ట్రీటెడ్ (ఒత్తిడితో మందు ఎక్కించిన) ప్లైవుడ్ అంటగట్టబోయారు. దాంట్లో ఉండే మందు రాగి. తడి రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల వాడకానికి ఆర్సెనిక్ కలిసిన పాత మందును మానేశారు. తర్వాత వచ్చిన రకాల్లో రాగి ఇంకా ఎక్కువ. ఉచితంగా ఇచ్చినా పడవ దరిదాపుల్లోకి రానివ్వను.

ఇక కారడం సంగతి. ముందు కొలతలు తీశాను. సాధనం ఐదు పౌండ్ల ఖాళీ పెరుగు డబ్బా, మన ఇళ్లలో వాటికి కొరత లేదు కదా. పడవను రేవుకు కట్టేసి వెనక సీటు ఖాళీగా ఉంచితే గంటకు అర లీటరు కూడా రాదు. నేను వెనక కూర్చుంటే లీటరున్నర. సగం థ్రాటిల్ మీద, అంటే మోటారును సగం జోరులో నడుపుతూ, సరస్సులో తిరిగితే ఆరు లీటర్ల పైమాటే.

మామూలు చిల్లయితే ఇంత తేడా ఎందుకు? రెండు కారణాలు తట్టాయి. వెనక భాగం కిందికి దిగి నీటిమట్టం పైకి రావడం ఒకటి, మోటారు తోపుకు ఏదో అతుకు తెరుచుకోవడం ఇంకొకటి. రెండిటినీ విడదీయడానికి అరవై పౌండ్ల కాంక్రీటు పొడి బస్తాలు రెండింటిని ప్లాస్టిక్‌లో చుట్టి వెనక పెట్టాను, నేనూ కూర్చున్నాను. మోటారు ఆపే ఉంది. గంటకు రెండు లీటర్లు. తర్వాత బస్తాలు తీసేసి, పడవను రెండు తాళ్లతో రేవుకు గట్టిగా కట్టి, గేరులో పెట్టి సగం థ్రాటిల్ ఇచ్చాను. పడవ కదల్లేదు, నీళ్లు మాత్రం ఐదు లీటర్లు. అంటే బరువు వాటా తక్కువ, తోపు వాటా ఎక్కువ.

అనుమానితులను వరుసగా పట్టుకున్నాను. డ్రెయిన్ గొట్టం మీద బయటి నుంచి ప్లంబర్ల పుట్టీ ముద్ద కప్పితే కొలత మారలేదు. కింది మోటారు బోల్టుల చుట్టూ లోపల టాల్కం పౌడరు చల్లితే పొడిగానే ఉంది. అదే పౌడరు కుడి మూలంతా చల్లి మోటారు నడిపితే దొంగ దొరికాడు. అడుగు నుంచి మూడో రివెట్టు దగ్గర, పడవ నేలకు సుమారు మూడు అంగుళాల ఎత్తున, తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడి గీత మొదలై కిందికి పాకింది. పక్క రేకు, ట్రాన్సమ్ రేకు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోటు అది. మూల అడుగున కారుతున్నట్టు కనిపించినది అసలు అక్కడ పుట్టడమే లేదు.

గరాజ్‌లో బావమరిదిని మోటారు స్కెగ్ (అడుగున ఉండే రెక్క) పట్టుకుని ముందుకు నెట్టమన్నాను. నేను ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని ఉక్కు ఆకుల కట్ట) పట్టుకుని మూల దగ్గర బోర్లా పడుకున్నాను. వదిలేసినప్పుడు అతుకులోకి అతిపలుచని ఆకు కూడా దూరదు. నెట్టగానే 0.2 మిల్లీమీటర్ల ఆకు నున్నగా దూరిపోయింది. వదలగానే దాన్ని అతుకు బిగించి పట్టేసింది. మళ్లీ నెట్టమన్నాను, మళ్లీ దూరింది. ‘బావా, చేపలు ఎప్పుడు పడతాం?’ అన్నాడు.

ఈలోగా చేసిన చికిత్సలన్నీ ఎందుకు విఫలమయ్యాయో దీంతో అర్థమైంది. లోపలి నుంచి సీమ్‌ల మీద పూసిన ఎపాక్సీ గరాజ్ పరీక్షలో చుక్క రానివ్వలేదు, సరస్సులో మోటారు నడిపాక అతుకు పొడవునా సన్నటి పగులు ఇచ్చింది. తప్పు పూతది కాదు, కదిలే చోట గట్టిపడే పూత నిలవదు. బయట వేసిన పాలీయురెథేన్ పట్టీ సాగింది కానీ పాత పెయింటుతో సహా ఊడివచ్చింది. రివెట్లను సుత్తితో మళ్లీ బిగిస్తే కొద్దిసేపు ఆగింది. ఒక రివెట్టును తొలిచి తీసి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు. అడ్డంగా 3/16 అంగుళం, నిలువుగా అంతకంటే అర మిల్లీమీటరు ఎక్కువ. కోలగా సాగిన రంధ్రంలో రివెట్టును ఎంత కొట్టినా తలలు బిగుస్తాయే తప్ప కాడ రంధ్రమంతా నిండదు.

రంధ్రం సాగడానికి నా ఊహ ఇది. ట్రాన్సమ్ నుంచి కీల్ (పడవ అడుగున నడిమి దూలం) మీదికి దిగే త్రికోణపు బ్రేస్ (ఆసరా పట్టీ) ఉంది చూశారా, మోటారు తోపును నేలకు చేర్చాల్సింది అదే. దాని కింది రివెట్లలో రెండు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. చెక్క కుళ్లి, బ్రేస్ వదులై, ఏళ్ల తరబడి ఆ భారమంతా మూలల మీద పడింది. మరి కుడి మూలే ఎందుకు? అక్కడ నేల మీద నలుచదరంగా తుప్పు మరక ఉంది. పాత యజమాని బ్యాటరీ పెట్టెను అక్కడే ఉంచి ఉంటాడు, తడి అక్కడే నిలిచి ఉంటుంది. చెక్క ముందు అటే పోయింది, రేకు వెనక గుంటలు కూడా అటే ఎక్కువ. కొత్త గట్టి చెక్క వేస్తే మూల బాగుపడదని ఇప్పుడు తేలింది. చెక్క వంగకపోవడంతో కదలికంతా అతుకుకే మిగిలింది.

పక్కింటి పెద్దాయన వెల్డింగు చేయించమంటున్నారు. 0.063 అంగుళాల పాత రేకు, సందుల్లో సీలెంటు, వెనక కొత్త ప్లైవుడ్... అక్కడ మంట పెట్టే ధైర్యం నాకు లేదు. ప్రొపేన్ మంటతో కరిగించే బ్రేజింగ్ కడ్డీలు వీడియోల్లో అద్భుతంగా కనిపిస్తాయి. పెద్ద రేకు వేడిని లాగేసుకుంటుంటే అవి అతకడం మహాకష్టం.

కాబట్టి ముందు బ్రేస్. దాని రివెట్లన్నీ తీసి పావు అంగుళం ఘన రివెట్లు వేస్తాను. తర్వాత మూల. అక్కడ చిక్కు అంచు దూరం. రివెట్టు నడుమ నుంచి రేకు అంచుకు కనీసం వ్యాసానికి రెండింతలు ఉండాలి. పావు అంగుళానికి అర అంగుళం కావాలి, నా రేకులో ఉన్నది 7/16. అందుకే లోపల 5052 రకం అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ఒకటి, 1/8 అంగుళం మందంది, మూలలో పెట్టి పాత రంధ్రాల మధ్య కొత్తవి తొలవాలనుకుంటున్నాను. సాగిన పాతవాటిలో పావు అంగుళానివి వేయక తప్పదు, అక్కడ అంచు దూరం చాలదు కనుక భారం మాత్రం కొత్త వరుసే మోయాలి. యాంగిల్ కింద త్రీఎం 5200, శాశ్వతంగా అతుక్కునే సీలెంటు. మళ్లీ ఊడదీయాల్సిన చోట 5200 వాడటం నాకు నచ్చదు, అంత గట్టిగా పట్టని 4200 చాలు. ఇది మాత్రం ఎప్పటికీ ఊడకూడదు. పావు అంగుళం రివెట్టు రెండో వైపు 3/8 పొడుచుకు రావాలి కనుక పొడవులు మళ్లీ కొలిచి ఆర్డరు పెట్టాలి. మూలలోకి దూరే బకింగ్ బారు (రివెట్టు కొట్టేటప్పుడు వెనక ఆనించే ఇనుప దిమ్మ) నా దగ్గర లేదు, పాత ఉక్కు దిమ్మ ఒకటి కోసి అరగదీస్తున్నాను.

పడవకు ఎంత మోటారు పెట్టవచ్చో చెప్పే కెపాసిటీ ప్లేటు 25 హార్స్‌పవర్ వరకు అనుమతిస్తుంది. బావమరిది కన్ను దాని మీదే ఉంది. మూల నిలిచేదాకా ఆ మాట ఎత్తవద్దన్నాను. అంతకంటే ముందు వెనక సీటు కింది ఫోమ్ (పడవను తేల్చే నురుగు దిమ్మ) తీసి తూచాలి. ఇన్నేళ్లలో అది ఎంత నీరు తాగిందో, రెండు లీటర్ల లెక్కలో దాని బరువు ఎంతో చూడాలి.