ఓనరు నోరు

సంక్రాంతి టోర్నమెంటు అయిన కాణ్ణుంచీ నా బుర్రలో డొనాల్డ్ స్టెర్లింగే తిరుగుతున్నాడు, ఒకప్పుడు అమెరికాలో ఒక బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఓనరు. మా పర్లాకిమిడిలో బాస్కెట్‌బాల్ చూసేవోళ్ళు పట్టుమని పదిమంది ఉండరు, నేనేమో పొద్దున్నే షాపు తెరిచేలోగా ఫోన్లో ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, పెట్టుకునే రకం, అందుకే ఈయన గుర్తొచ్చాడు.

జరిగింది ఏటంటే, మా క్రికెట్ టీమ్‌కి డబ్బు పెట్టేది ఒక పెద్దమనిషి. జెర్సీలు, టెన్నిస్ బంతులు, పాతపట్నం దాటి ఆడ్డానికెళ్తే బొలెరో కిరాయి, ఆట అయ్యాక బిర్యానీ, అన్నీ ఆయనవే. మాలో స్పీడుగా వేసేది ఒక సవర గుంటడు, గుణుపురం వైపు నుంచి రైలెక్కి వస్తాడు. సెమీస్‌లో వాడి ఆఖరి ఓవర్లో 18 పరుగులు పోయాయి. ఆయన అందరి ముందూ వాడి జాతినెత్తి ఒక మాటన్నాడు, అది నేనిక్కడ రాయను. వాడు ఏమీ అన్లేదు, చెప్పులేసుకుని స్టేషన్‌కి నడిచెళ్ళిపోయాడు. మిగతావోళ్ళం బిర్యానీ తిన్నాం. నేనూ తిన్నాను.

స్టెర్లింగ్ అప్పట్లో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ టీమ్‌కి ఓనరు. నల్లవాళ్ళతో ఫొటోలు పెట్టకు, నా మ్యాచ్‌లకి వాళ్ళని తీసుకురాకు అని స్నేహితురాలితో అన్న మాటల రికార్డింగు 2014 ఏప్రిల్ 25న బయటపడింది. టీమ్‌లో ఎక్కువమంది నల్లవాళ్ళే, కోచ్ డాక్ రివర్సూ నల్లాయనే, పైగా అప్పుడు ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు, నడుస్తున్నాయి! 27న ఆటగాళ్ళు జాకెట్లు కోర్టు మధ్యలో పడేసి, టీమ్ పేరు కనబడకుండా వార్మప్ చొక్కాలు తిరగేసి వేసుకుని దిగారు. ఆ రోజు వారియర్స్ చేతిలో 118-97తో చిత్తుగా ఓడారు కూడా, ఆ మనసుతో ఎవడాడతాడులే. స్పాన్సర్లు ఒక్కొక్కరే జారుకోవడం మొదలైంది. 29న లీగ్‌కి పెద్ద, కమిషనర్ ఆడమ్ సిల్వర్, ఆ కుర్చీలో కూచుని మూడు నెలలు కూడా కాలేదు పాపం, జీవితకాలం బ్యాన్, 25 లక్షల డాలర్ల ఫైన్ అని చెప్పీసాడు. అప్పటి రూల్ ప్రకారం అంతకు మించి ఫైన్ వెయ్యడానికి లేదు. టీమ్ లాక్కోవాలంటే మిగతా ఓనర్లలో నాలుగింట మూడొంతుల మంది ఓటెయ్యాలి, ఆ అవసరం రాకుండానే ఆయన భార్య, మైక్రోసాఫ్ట్ మాజీ బాస్ స్టీవ్ బాల్మర్‌కి 200 కోట్ల డాలర్లకి అమ్మేసింది. 1981లో ఆయన కొన్నది కోటి డాలర్ల పైచిలుకు. తిట్టినందుకు శిక్ష అంటే ఇదేనా మావా, ఇలాంటి శిక్ష నాకూ ఎవడైనా వేస్తే బాగుణ్ణు.

నన్ను ఎక్కువ కుట్టింది ఇది కాదు. అద్దె ఇళ్ళ విషయంలో నల్లవాళ్ళమీదా లాటినోలమీదా (లాటిన్ అమెరికా మూలాలున్నోళ్ళు) వివక్ష చూపించాడని అమెరికా ప్రభుత్వమే ఈయన మీద కేసేసింది, 2009లో 27 లక్షల డాలర్లకి పైనే కట్టి, తప్పొప్పుకోకుండా సెటిల్ చేసుకున్నాడు. లీగ్ వేసిన ఫైన్ కన్నా అదే ఎక్కువ! అప్పుడు లీగ్ ఆయనకి ఏ శిక్షా వెయ్యలేదు. అద్దెకుండేవోళ్ళ గొడవకి స్పాన్సర్లు పోరు కదా, గొంతు టీవీలో వినబడితే పోతారు.

తర్వాత 2022లో ఫీనిక్స్ సన్స్ ఓనరు రాబర్ట్ సార్వర్‌దీ అదే తంతు. నల్లవాళ్ళని తిట్టే ఆ మాట, ఇంకొకరన్నది చెప్తూనే అయినా, కనీసం ఐదుసార్లు వాడాడని లీగ్ పెట్టించిన విచారణలోనే తేలింది, అయినా ఏడాది సస్పెన్షన్, కోటి డాలర్ల ఫైన్‌తో సరిపెట్టారు. స్టార్ ఆటగాళ్ళు లెబ్రాన్, క్రిస్ పాల్ ఇది చాలదన్నారు, జెర్సీ మీద పేరున్న స్పాన్సరు పేపాల్ కంపెనీ ఆయనుంటే మేం ఉండమంది, దాంతో శిక్ష పడ్డ ఎనిమిది రోజులకే టీమ్ అమ్మకానికి పెడుతున్నానన్నాడు. అంటే కమిషనర్ కాదు, జెర్సీ మీద పేరున్నోడు కదిల్తేనే కథ కదుల్తుందన్నమాట.

మా దగ్గర జెర్సీ మీద పేరూ ఆయనదే, నోరూ ఆయనదే. కమిటీలో నలుగురుంటే ఇద్దరు ఆయన దగ్గర అప్పు తీసుకున్నోళ్ళు. కెప్టెన్‌ని అడిగితే "వదిలీ బావా, కోపంలో అన్నాడు, మనసులో ఏం లేదు" అన్నాడు. ఎవరి మనసులో?

ఆ గుంటడికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఉగాది టోర్నమెంటుకి కొత్త జెర్సీలు వచ్చీసాయి, వీపు మీద తన షాపు పేరు ఆయన ఈసారి ఇంకా పెద్దగా వేయించాడు. సైజు సరిపోయిందా అని గ్రూపులో అడుగుతున్నారు. నేనింకా కవరు విప్పలేదు.