మాట్లాడనక్కర్లేదట

నా కోపం ల్యాబు గది మీద అని సాయంత్రం దాకా అనుకుంటూనే ఉన్నాను. పొద్దున వెళ్లేసరికి తలుపుకు అరచేతంత కాగితం అంటించి ఉంది, ఈరోజు ప్రాక్టికల్స్ పక్క భవనం పై అంతస్తులో అని. పిల్లలు దాన్ని చూశారు, అటు తిరిగారు, కబుర్లు ఆపకుండానే వెళ్లిపోయారు. ఇన్నేళ్లకు మళ్లీ కాలేజీకి వెళ్తున్న, ఆటిజం ఉన్న నాకు మాత్రం పూటంతా పోయింది. ఏ బల్ల దగ్గర కూర్చోవాలో, కిటికీ ఎటు వస్తుందో, సంచి ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ ముందు రాత్రే మనసులో సర్దుకుని బయలుదేరే మనిషిని అని మీకు కొత్తగా చెప్పాలా?

కొత్త గదిలో ప్రొజెక్టర్ లోపలి ఫ్యాను సన్నగా ఒకే శ్రుతిలో మోగుతూనే ఉంది. మూలనున్న ట్యూబులైటు వెలిగీ ఆరీ వేధిస్తోంది. స్టూలు ఎవరు జరిపినా ఇనుప కాళ్లు గచ్చు మీద కీచుమంటున్నాయి. మైక్రోస్కోపు మీదకు వంగానే గాని చూపు ఆనడం లేదు, మొత్తం మనిషి చెవుల్లోకి వెళ్లి కూర్చుంది. చప్పుడు, వెలుతురు, వాసన మనిషిని ఇంతగా పట్టి కుదుపుతాయన్న సంగతి ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లో స్పష్టంగా చేరింది 2013లోనట, అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం అయిదో కూర్పులో. నేను మొదటిసారి కాలేజీలో చేరేనాటికి ఆ కూర్పు లేదు. అప్పటికి నాకున్న పేర్లు రెండే, మొండిది అని ఒకటి, మరీ సుకుమారం అని ఇంకొకటి.

గది గురించి ఇంకా రాయగలను. కానీ రాస్తుంటేనే తెలుస్తోంది, నిద్ర పట్టనివ్వనిది గది కాదు.

ల్యాబు అయ్యాక మేడం నన్ను ఆపారు. గొంతు బాగా తగ్గించి, ఎంతో మంచిగా అన్నారు. "వచ్చేవారం సెమినార్‌లో మీరు మాట్లాడనక్కర్లేదండీ. రాసి ఇచ్చేయండి, మార్కులు వేసేస్తాను. మీ రిపోర్టు చూశాను." వెనక సింకు దగ్గర స్లైడ్లు కడుగుతున్న అమ్మాయి చేతులు ఆగాయి. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయికి నా ఆటిజం రిపోర్టు సంగతి తెలియదు, ఇప్పుడు ఏదో ఒకటి ఉందని తెలిసింది.

ఆ క్షణంలో నాకు హాయిగానే అనిపించింది. అది కూడా రాయాలి. భుజాలు కిందికి దిగాయి. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే "మంచిదే కదా, ఒక బరువు తగ్గింది" అన్నారు. అక్క కూడా అదే మాట అంది. ఇంటికి వచ్చేదాకా ఆ హాయి ఉంది. బాబుకు హోంవర్కు చేయిస్తుండగా ఎప్పుడో జారిపోయింది, దాని స్థానంలో పాత వైవా, అదే నోటిపరీక్ష, వచ్చి కూర్చుంది.

ఆ వైవా సంగతి ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. చదువు మధ్యలో మానేశాను అని ఒక్క ముక్కలో దాటేస్తూ వచ్చాను.

డిగ్రీలో బోటనీ ప్రాక్టికల్స్. వరండాలో బెంచీ మీద వరుస నంబర్ల ప్రకారం కూర్చోబెట్టారు. ఒళ్లో రికార్డు పుస్తకం. ఆ ఏడాదంతా నేను బతికింది ఆ రికార్డులోనే. బొమ్మలకు నీడలు గీతలతో కాకుండా చుక్కలతో వేయాలి, పెన్సిల్ మొన అరిగితే చుక్క లావవుతుంది, అందుకని పక్కనే గరుకు కాగితం పెట్టుకుని మొన సానపడుతూ వేసేదాన్ని. ఒక్కో బొమ్మకు ఒక్కో రాత్రి. అమ్మ లైటు ఆర్పమని కేకలు వేసేది. ఆ చుక్కలు వేస్తున్నంతసేపూ నాకు ఎవరితోనూ పేచీ లేదు, లోకంతో కూడా లేదు.

లోపల ఇద్దరు. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి పరీక్షించడానికి వచ్చినాయన ముందు "నీ గురించి చెప్పు" అన్నారు. నా గురించి అంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పుట్టిన దగ్గర నుంచా, పొద్దున లేచిన దగ్గర నుంచా? ఇలాంటి హద్దులేని ప్రశ్న వేస్తే, ఉన్న జ్ఞాపకాల్లోంచి ఏది తీసి చెప్పాలో తేల్చుకోవడం మాలాంటి వాళ్లకు కష్టమని పరిశోధకులు రాసింది ఇప్పుడు చదువుతున్నాను. అప్పుడు తెలిసిందల్లా నోరు తెరుచుకోవడం లేదనే. ఆయన విసుక్కుని మైక్రోస్కోపు చూపించి "సరే, ఇది ఏమిటో చెప్పు" అన్నారు. ఫ్యునేరియా. మాస్ అనే నాచులాంటి చిన్న మొక్క. సిద్ధబీజాలుండే దాని గుళిక నిలువు కోత. నా రికార్డులో అన్నిటికంటే బాగా కుదిరిన బొమ్మ అదే. చెప్పవలసింది ఎంత ఉందంటే అంతా ఒక్కసారే ద్వారం దగ్గరకు వచ్చి ఇరుక్కుంది. తల వంచుకుని "ఫ్యునేరియా" అన్నాను. "నా మొహం చూసి మాట్లాడు" అన్నారు. చూశాను. ఎదుటి కళ్లు చూస్తే నాకు మాటలు పోతాయి, మాటలు కావాలంటే కళ్లు వదిలేయాలి. ఆ సంగతి అప్పటికి నాకే తెలియదు, ఆయనకు ఎలా చెబుతాను?

ఆయన రికార్డు తెరిచి నాలుగు పేజీలు తిప్పారు. చుక్కల మీద వేలు ఆనించి అడిగారు, "ఈ బొమ్మలు ఎవరు వేసిచ్చారు?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడాన్ని ఒప్పుకోవడం కింద రాసుకున్నారు. ప్రాక్టికల్స్‌లో తప్పించారు. మళ్లీ రాయవచ్చు అన్నారు, నేను వెళ్లలేదు. తర్వాత పెళ్లి, ఉద్యోగం, బాబు, బాబు రిపోర్టు, దాని వెనకే నలభై దాటిన నాకు రిపోర్టు. ఇదంతా మీకు తెలిసిన కథే. బాబు కోసం డాక్టరు వేసిన ప్రశ్నలన్నిటికీ నేను నా చిన్నతనం నుంచి జవాబులు చెప్పుకుంటూ పోవడం, ఆమె కలం పక్కన పెట్టి నావైపు చూడటం.

మార్కులు పోవడం కంటే ఆ బొమ్మలు నావి కావు అనడమే ఇప్పటికీ మండిస్తుంది. చేతిలో పెన్సిల్ పెట్టి "వేసి చూపించు" అని ఉంటే అక్కడే వేసేదాన్ని. అది ఎవరికీ తట్టలేదు. డామియన్ మిల్టన్ అనే ఆయన, తానే పెద్దయ్యాక ఆటిజం నిర్ధారణ అయిన మనిషి, 2012లో ఒక వాదం పెట్టారు: ఆటిజం ఉన్నవారికి ఎదుటివారు అర్థం కారు అనడం సగం మాటే, ఎదుటివారికి వీరు అర్థం కాకపోవడం మిగతా సగం. ఆ గదిలో జరిగింది సరిగ్గా అదే. ఒకరినొకరం చదవలేకపోయాం, మార్కులు పోయింది నాకొక్కదానికే.

ఇక్కడిదాకా రాసి కాసేపు ఆగాను. మొదలుపెట్టినప్పుడు మేడం మీద కోపం ఉంది. ఇప్పుడు అంత లేదు. ఆవిడ చేసింది నిజానికి ఆ ఎక్స్‌టర్నల్ చేసినదానికి పూర్తిగా వ్యతిరేకం. రిపోర్టు చదివారు, ఆలోచించారు, నేను అడగకముందే ఇచ్చారు. మాట ఎంతకీ రాని వారికి రాసి ఇచ్చే వీలు ప్రాణంతో సమానం. రేపు మా బాబు పెద్ద చదువుకు వెళ్తే వాడికోసం అదే కావాలని నేనే వెళ్లి అడుగుతానేమో. కాబట్టి ఇచ్చింది చెడ్డది కాదు. నన్ను అడగకుండా ఇవ్వడమే గుచ్చుకుంటోంది. ఒకాయన నోరు విప్పలేదని పంపించేశారు, ఈవిడ నోరు విప్పనక్కర్లేదు అంటున్నారు. నేను మాట్లాడగలనా, ఎలాగైతే మాట్లాడగలను అని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

వికలాంగుల హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలో 24వ అధికరణం చదువు గురించి. అందులో చివరి అంశం ఉన్నత విద్యనూ, వయోజన విద్యనూ, జీవితమంతా సాగే చదువునూ పేరుపేరునా చెబుతుంది. ఇతరులతో సమానంగా అందాలి, అందుకు తగిన సర్దుబాట్లు చేయాలి అంటుంది. నాకు అర్థమైనంతవరకు సర్దుబాటు అంటే పని చేయడానికి దారి వేయడం. పని నుంచే తప్పించడం మరొకటి.

డొనాల్డ్ ట్రిప్లెట్ గుర్తొస్తున్నారు. లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో ఆటిజం గురించి రాసిన వ్యాసంలో పదకొండు మంది పిల్లలుంటే మొట్టమొదటివాడు. అమెరికాలోని మిసిసిపీలో మిల్సాప్స్ కాలేజీ నుంచి 1958లో పట్టా పుచ్చుకున్నారు, ఫ్రెంచి చదివారు, బ్యాంకులో ఉద్యోగం చేశారు, 2023లో పోయారు. లోకంలో ఆటిజం నిర్ధారణ అయిన మొదటి మనిషి డిగ్రీ చదివిన మనిషి కూడా! కాలేజీల్లో మేము కొత్తగా దిగిన వింత జీవులం కాము. మొదటి నుంచీ ఉన్నాం.

ఒక మంచి సంగతి కూడా జరిగింది ఈరోజు, దానికి జాగా మిగల్చలేదు. ల్యాబు ముగిసే ముందు పిల్లలు సగం మంది వెళ్లిపోయి స్టూళ్ల గోల తగ్గింది. అప్పుడు చూపు ఆనింది. ఎండిన ఫ్యునేరియా గుళిక, మూత ఊడిపోయి ఉంది. నోటి చుట్టూ పళ్లు, బయటి వరుసలో 16, లోపలి వరుసలో 16. గాలి పొడిగా ఉంటే బయటి పళ్లు విచ్చుకుని సిద్ధబీజాలను వదులుతాయి, తేమ తగిలితే ముడుచుకుంటాయి. దగ్గరగా వంగి నోటితో మెల్లగా ఊపిరి వదిలాను. ఎర్రటి పళ్లు ఒక్కొక్కటే లోపలికి వంగాయి. మళ్లీ ఆరగానే లేచాయి. సింకు దగ్గరి అమ్మాయిని పిలిచి చూపించాను. "అమ్మో" అంది, తనూ ఊపిరి వదిలి చూసింది. తనకు ఆ పళ్ల సంగతంతా చెప్పాను, కన్ను మైక్రోస్కోపు మీద ఉన్న మనిషికి చెప్పడం ఎంత తేలికో! మేడం నన్ను ఆపింది ఆ తర్వాతే.

అంటే మధ్యాహ్నమే నేను సెమినార్ చెప్పేశాను, ఒక్క మనిషికి.

మేడంకు మెయిల్ రాశాను. మాట్లాడతాను అని మొదటి పంక్తి. అడగదలచిన ప్రశ్నలు ముందురోజు సాయంత్రం రాసి పంపమని రెండోది. మాట్లాడేటప్పుడు తెర మీది బొమ్మనే చూస్తాను, ఎవరి మొహమూ చూడను, దానికి మార్కులు తగ్గించవద్దు అని మూడోది. ఏ గదిలో జరుగుతుందో ముందే చెప్పమని నాలుగోది. నాకు ఏ రాయితీలూ అక్కర్లేదు అని అయిదోది కూడా పెట్టాను, చాలా రోషంగా. తర్వాత తీసేశాను. రాతపరీక్షలో అదనపు సమయం నాకు కావాలి. ప్రశ్న ఏ అర్థంలో అడిగారో తేల్చుకోవడానికే నాకు కొంత పడుతుంది, మిగతావారికి పట్టదు. అది వదులుకుని నేను ఎవరికీ ఏమీ నిరూపించనక్కర్లేదు.

నాలుగు పంక్తులతోనే పంపేశాను.