ముందే ఆన్‌లో ఉన్న మీటలు

కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేసుకుంటున్నప్పుడు వచ్చిన ప్రైవసీ తెరపై లొకేషన్, ప్రకటనల ఐడీ (మనకు తగిన ప్రకటనలు చూపేందుకు వాడే గుర్తింపు సంఖ్య), టైపింగ్ వివరాలు, డయాగ్నస్టిక్ డేటా (సిస్టమ్ పనితీరు, లోపాల గురించి కంపెనీకి వెళ్లే సమాచారం) అనే మీటలన్నీ ముందే ఆన్‌లో ఉండడం, 'అంగీకరిస్తున్నాను' అనే బటన్ మాత్రం అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించడం నన్ను ఆలోచనలో పడేసింది. ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్లాను. చివరిదాన్ని మాత్రం 'తప్పనిసరి' స్థాయికి తగ్గించుకోవడమే తప్ప పూర్తిగా ఆపే వీలు లేదు.

సిస్టమ్ ఎందుకు క్రాష్ అయిందో, ఏ డ్రైవర్ (పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్) మొరాయించిందో తయారీదారులకు తెలిస్తే మనకూ మేలే, కాదనను. అయితే ఏ యాప్‌తో ఎంతసేపు గడిపానన్నది మరమ్మతుకు ఏ మేరకు అవసరం? ఇదే ప్రశ్నను 2016 జులైలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ లేవనెత్తి, విండోస్ 10 అవసరానికి మించి సమాచారం సేకరిస్తోందంటూ మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది; కనీస స్థాయిలో సేకరణను ఆ కంపెనీ దాదాపు సగానికి తగ్గించాక, 2017లో ఆ వ్యవహారాన్ని ముగించింది. అంటే అంతకుముందు తీసుకున్నదాంట్లో చాలా భాగం లేకపోయినా పని జరిగేదన్నమాట!

నచ్చని వెబ్‌సైటును మూసేయవచ్చు గానీ, ప్రతి ఫైలూ ప్రతి అక్షరమూ తన మీదుగానే వెళ్లే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కన పెట్టడం సామాన్య వాడకందారుకు సులువు కాదు. కనుక ఈ మీటలన్నీ మొదట ఆఫ్‌లోనే ఉండి, కావలసినవారు ఆన్ చేసుకునేలా ఉండాలని గట్టిగా కోరుతున్నాను.