ముసలాయన పొలంలో నా పెట్టె

అమెరికాలోని ఓక్లహోమా ఎర్రమట్టి మా ఖమ్మం చెలకల మట్టిలాగే చెప్పులకు పట్టిందంటే వదలదు. ఆ మట్టిలో గొయ్యి తవ్వి, అడుగు చదును చేసి, నేల కదలికలను పట్టే సీస్మోమీటర్ పెట్టి పూడ్చేస్తాం. పక్కన పెట్టెలో రికార్డరు, బ్యాటరీ, పైన సోలార్ పలక. భూకంపాల ప్రొఫెసరంటే పెద్ద తెర ముందు కూర్చుని గీతలు చూసే ఉద్యోగమని మా చుట్టాలు అనుకుంటారు. గీతలు చూడ్డం ఇప్పుడు చాలావరకు కంప్యూటరే చేస్తుంది. నా శనివారాలు మాత్రం ఎలుకలు కొరికిన కేబుళ్లకూ, పలకకు వీపు రుద్దుకునే ఆవులకూ, పెట్టె మూత తీయగానే చేతులెక్కే ఎర్రచీమలకూ పోతాయి.

ఇలాంటి ఒక పెట్టె ప్రాగ్ ఊరి దగ్గర ఒక ముసలాయన పొలంలో ఉంది. ఇది యూరప్‌లోని ప్రాగ్ కాదు, చిన్న ఊరు. ఇక్కడివాళ్లు ‘ప్రేగ్’ అంటారు. నేను ప్రాగ్ అన్నప్పుడల్లా ఆయన నవ్వుతాడు. 2011 నవంబరులో వచ్చిన 5.7 కంపానికి వాళ్లింటి చిమ్నీ కూలిపోయింది. మళ్లీ కట్టించిన డబ్బు మాత్రం అదే పొలంలో తలూపుతున్న చమురు పంపు వాటాది. కోనసీమలో రైతు పొలం కింద చమురు ఉన్నా అది ప్రభుత్వానిదే. ఇక్కడ భూమి కింది హక్కు కూడా చేతిలో ఉంటే నెలనెలా చెక్కు వస్తుంది. “డాక్, ఈ కంపాలు ఆ చమురు కంపెనీలవాళ్లు తెస్తున్నవేనా?” అని మొదటి రోజే అడిగాడు. అడిగి, నా ముఖం కాకుండా పంపు వైపు చూశాడు.

జవాబు చెప్పడం కష్టం కాదు, వినడం కష్టం. ఇక్కడ చమురుతో పాటు సముద్రపు నీటికంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే నీరు పైకొస్తుంది. కొన్ని బావుల్లో ఒక పీపా చమురుకు పది పీపాల నీళ్లు. ఆ నీటిని పారబోయలేరు కాబట్టి వేరే బావుల గుండా ఆర్‌బకిల్ అనే లోతైన సున్నపురాతి పొరలోకి ఎక్కిస్తారు. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో ఎప్పటివో పగుళ్లు. క్లాసులో పిల్లలను రెండు అరచేతులు గట్టిగా అదిమి ఒకదాని మీద ఒకటి జరపమంటాను. కదలవు. “ఇప్పుడు పట్టు కొంచెం వదలండి” అంటాను. పగులులోకి చేరిన నీటి ఒత్తిడి చేసేది అదే. అందరూ తిట్టేది ఫ్రాకింగ్‌ని, అంటే నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టి చమురు తీయడాన్ని. అసలు దోషం ఎక్కువగా ఈ ఉప్పునీటిది.

2009కి ముందు ఈ రాష్ట్రంలో 3 తీవ్రత దాటిన కంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015లో దాదాపు 900. 2016 సెప్టెంబరు 3 పొద్దున్న పానీ అనే ఊరి దగ్గర 5.8 వచ్చాక 37 బావులు ఆపమని రాష్ట్రం ఆదేశించింది. నీళ్లు ఎక్కించడం తగ్గేకొద్దీ కంపాలూ తగ్గాయి. తగ్గాయి అన్నాను, పోలేదు: 2024 ఫిబ్రవరిలో ప్రాగ్ మళ్లీ 5.1తో ఊగింది.

నా మొదటి సెమిస్టరులో ఈ లెక్కలు చూపిస్తుంటే వెనక వరుసలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. “మా నాన్న ఆ నీళ్ల ట్యాంకరే నడుపుతాడు. ఆ జీతంతోనే నా ఫీజు.” క్లాసంతా నిశ్శబ్దం. నాకు టెన్షన్. హెచ్‌1బి మీద ఉన్నదాన్ని, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు; ‘మనుషుల వల్ల’ అనే మాటను కాస్త మెత్తగా అనొచ్చు కదా అని ఒక పెద్దమనిషి అప్పటికే సలహా ఇచ్చి ఉన్నాడు. అప్పుడు నోటికొచ్చింది మహారాష్ట్రలోని కొయనా డ్యామ్.

హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో నా ఎంఎస్సీ ప్రాజెక్టు కొయనా రికార్డుల మీదే. 1962లో డ్యామ్ నింపడం మొదలుపెట్టాక చిన్న కంపాలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో పెద్దది వచ్చి సుమారు రెండొందల మంది పోయారు. “మా దేశం కరెంటు కోసం కట్టుకున్న డ్యామ్ అది. ఇప్పటికీ ఉంది, కరెంటు ఇస్తూనే ఉంది, కింద నేల కదులుతూనే ఉంది” అన్నాను. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడో లేదో తెలియదు. మరుసటి వారం మాత్రం ముందు వరుసలో కూర్చున్నాడు, ట్యాంకరులో ఎన్ని పీపాలు పడతాయో నాన్ననడిగి రాసుకొచ్చి.

2024 డిసెంబరు 3 రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్. ఖమ్మంలో అప్పుడు 4వ తేదీ తెల్లవారి ఏడున్నర.

“టీ పెడుతుంటే గిన్నెలు గలగలమన్నయి బిడ్డా. ముందే చెప్పొద్దా?”

“ముందు చెప్పడం ఎవరివల్లా కాదమ్మా.”

“మరి నీకు జీతం దేనికిస్తున్నరు?”

ములుగు దగ్గర 5.3. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ముసలాయన పొలంలోని పెట్టె రికార్డు తెరిచాను. ఏమీ లేదు. ఉండదని తెలిసే తెరిచాను. ములుగు నుంచి ఇక్కడికి భూగోళం మీద సుమారు 126 డిగ్రీలు. 104 నుంచి 140 మధ్య ఉన్న చోట్లకు భూగర్భంలోని ద్రవ కోర్ అడ్డుపడి కంపం నుంచి అన్నిటికంటే ముందు చేరే పి తరంగాలు నేరుగా రావు. ఆ మేరను నీడ ప్రాంతం అంటాం. బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అమ్మ ఉన్న చోటికి నేను ఆ నీడలోనే ఉన్నానని ఎప్పుడూ తట్టలేదు. ఆ గంట రికార్డులో గాలి ఉంది, ఆవుల నడక ఉంది.

“మీ కంపం నా దాకా రాలేదమ్మా” అన్నాను.

“సరేలే, మళ్లొస్తే నేనే ఫోన్ చేస్త” అంది.