పొద్దున ఆరింటికి వంటింట్లో ఎవరుండాలి?

వ్యాయామం గురించి ఎవర్ని సలహా అడిగినా ముందు మన బద్ధకం మీద పడతారు. పెందలాడే పడుకో, ఫోన్ పక్కన పెట్టు, మనసుంటే మార్గముంటుంది, ఇలాంటివే. ఈ మాటలు చెప్పేవాళ్ళలో చాలామంది పొద్దున్నే బూట్లేసుకుని బయటికెళ్ళి, తిరిగొచ్చేసరికి టేబుల్ మీద వేడివేడి ఇడ్లీ కనబడే మగవాళ్ళు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు (సరే, కొంచెం ఉంది), కానీ ఆ ఇడ్లీ ఎవరో ఒకరు పెట్టి ఉండాలి కదా. వ్యాయామం నిలబడుతుందా లేదా అన్నది మన పట్టుదల కంటే ముందు, ఇంట్లో పొద్దుటి పని ఎలా పంచుకున్నారన్న దాని మీద ఉంటుందని నా నమ్మకం.

మాది సరూర్‌నగర్ వైపు, ఆఫీసేమో హైటెక్ సిటీలో. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి వెళ్ళి రావడానికే రోజులో పెద్ద ముక్క పోతుంది. పొద్దున పాపకి స్కూల్ డబ్బా, మా ఇద్దరికీ ఆఫీసు డబ్బాలు, అత్తయ్య మాత్ర వేసుకునే టైముకి టిఫిను, నీళ్ళొచ్చే రోజైతే సంపు నిండిందో లేదో చూసి మోటర్ వేయడం. జిమ్‌వాళ్ళు ఏడాది ఫీజు మీద ఎంత డిస్కౌంటైనా ఇస్తారు గానీ ఆ గంట టైము ఎవరిస్తారు?

2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల లెక్కలు వచ్చాయి. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదట. విడదీసి చూస్తే మగవాళ్ళలో అలాంటివాళ్ళు 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఆ తేడా బద్ధకంలో ఉన్న తేడా అంటే నేనైతే ఒప్పుకోను.

ఇక్కడ తప్పకుండా ఒకరు అంటారు, "ఇంటి పనంతా చేస్తూ మళ్ళీ వేరే ఎక్సర్‌సైజ్ ఎందుకమ్మా" అని. అది పూర్తిగా తప్పు కాదు, ఇంటి పనిని కూడా శారీరక శ్రమ కిందే లెక్కేస్తారు. కాకపోతే ఏ పని అన్నది చూడాలి. బకెట్లతో నీళ్ళు మోయడం, బండ మీద బట్టలుతకడం, వంగి ఇల్లంతా తుడవడం లాంటి వాటికి ఊపిరి వేగం పెరుగుతుంది. స్టవ్ ముందు గంటన్నర నిలబడి ఉల్లిపాయలు తరిగితే కాళ్ళు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, గుండెకి మాత్రం పెద్దగా పని పడదు. మామూలుగా చెప్పే గుర్తు ఏంటంటే, ఆ పని చేస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. నేను వంట చేస్తూ హాయిగా పాటలు పాడతాను.

అందుకని ఒకరోజు రాత్రి కూర్చుని మా ఆయనతో బేరం పెట్టాను. సోమ, బుధ, శుక్ర వారాలు పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా వంటిల్లు తనది, డాబా నాది. మిగతా రోజులు తన వాకింగ్ తను చేసుకోవచ్చు. వినడానికి చాలా తేలిక. మొదట్లో మాత్రం నేను మెట్లెక్కి రెండు చుట్లు తిరిగేలోపే ఫోన్ మోగేది: ధనియాల పొడి ఎక్కడుంది, కుక్కర్ ఎన్ని విజిల్స్, పాప లంచ్ బాక్స్ మూత కనబడట్లేదు. ఫోన్‌లో సమాధానం చెబుతూ నడవడం నడక కాదు. దాంతో ఫోన్‌ని కిందే, పోపుల డబ్బా పక్కనే పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాను. ధనియాల పొడి దానంతటదే దొరికింది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో టమాటా పప్పే, "మళ్ళీ పప్పేనా నాన్నా" అని పాప గొడవ. నేను ఆ గొడవలోకి దిగను. ఇది చాలా ముఖ్యం: ఆయన వంటకి వంక పెట్టామా, మర్నాటి నుంచి గరిటె మళ్ళీ మన చేతిలోకొచ్చేస్తుంది.

డాబా మీద నేను చేసేది పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. బట్టల తీగల కింద తల వంచుకుంటూ నీళ్ళ ట్యాంకు చుట్టూ వేగంగా నడక, తర్వాత గుంజీలు, పిట్టగోడకి చేతులానించి దండాలు, ఐదు కిలోల బియ్యం సంచిని స్కూల్ బ్యాగులో పెట్టుకుని మెట్లెక్కి దిగడం. పక్కింటి ఆంటీ పిండి వడియాలు ఆరేస్తూ కొన్నాళ్ళు చూసి ఇక ఉండబట్టలేక అడిగేసింది, "ఏమ్మా, షుగరేమన్నా వచ్చిందా?" అని. మన దగ్గర ఆడమనిషి ఉత్తినే నడిచిందంటే ఎవరూ నమ్మరు, డాక్టర్ చెప్పి ఉండాలి, లేదా పెళ్ళి చూపులైనా ఉండాలి. రాలేదు ఆంటీ, రాకుండా ఉండాలనే అన్నాను. నమ్మినట్టు కనబడలేదు.

వారానికి అరగంట చొప్పున మూడు రోజులు సరిపోతుందా అంటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని ఉండాలి. అయితే అదే సూచనల్లో నాకు బాగా పనికొచ్చిన మార్పు ఒకటుంది. అంతకుముందు, 2010లో చెప్పినప్పుడు, ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉంటేనే లెక్క అనేవాళ్ళు. 2020లో ఆ షరతు తీసేశారు, కొంచెం కొంచెం చేసినా లెక్కే. దాంతో అమీర్‌పేట స్టేషన్‌లో ఎస్కలేటర్ క్యూ వదిలేసి మెట్లు ఎక్కడం, లంచ్ అయ్యాక కుర్చీలో కూలబడకుండా ఆఫీసు బిల్డింగ్ చుట్టూ గబగబా ఓ చుట్టు, ఇవన్నీ నా ఖాతాలో పడుతున్నాయి. చీర కట్టిన రోజు మెట్లు కష్టమే, అబద్ధం ఎందుకు.

ఇక మధ్యలో పోయే రోజులు. శ్రావణమాసం వస్తే శుక్రవారం డాబా సంగతి మర్చిపోవచ్చు, పూజ, పేరంటం, శనగలు. పిల్లల పరీక్షలప్పుడు, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వారమే పోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో అచ్చు వేసిన ఒక అధ్యయనంలో 96 మందిని గమనించారు. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరిగేదానికి, అక్కడ తేలినదానికి పొంతనే లేదు: ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా కూడా పట్టొచ్చట. మంచినీళ్ళు తాగడం లాంటి చిన్న అలవాట్ల కంటే వ్యాయామానికే ఎక్కువ కాలం పట్టింది. ఎక్కడో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా చూశారు. అందుకని శుక్రవారం పోయిందని శనివారం డబుల్ చేయడం లాంటివి నేను పెట్టుకోను, సోమవారం మామూలుగా డాబా ఎక్కుతాను.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. "పొద్దుపొద్దున్నే గీ ఎగురుడేందమ్మా" అని మొదట్లో నవ్విన అత్తయ్య ఇప్పుడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ప్రాక్టీసు చేస్తోంది. 65 దాటినవాళ్ళు పడిపోకుండా ఉండాలంటే వారానికి మూడు రోజులైనా బ్యాలెన్స్‌కి, కాళ్ళ బలానికి పనికొచ్చే వ్యాయామాలు చేయాలని చదివి చెప్పాను. నేను చెప్పినప్పుడు ఊఁ అని ఊరుకుంది, వాళ్ళ గుడి ఫ్రెండ్ ఒకావిడ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాక తనే కుర్చీ గోడకి ఆనించి పెట్టమంది.

డిసెంబర్‌లో అత్తయ్య రెండు నెలలు మా ఆడబిడ్డ దగ్గరికి వెళ్తోంది. అంటే పాపకి జడ వేసే మనిషి ఉండదు, నా అరగంటకి మళ్ళీ ఎసరు. మా ఆయనకి జడ నేర్పించడం ఈ ఆదివారమే మొదలుపెట్టాం. ప్రస్తుతానికి పిలక దాకా వచ్చాడు, స్కూల్లో రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి.